బాగోలేని రోజుకీ సరిపోయేంత చిన్న అలవాట్లు: మనసును రోజూ కాస్త కాస్తగా చూసుకోవడం ఎలా?

మనసు బాగున్న రోజున పెద్ద పెద్ద నిర్ణయాలు తీసుకుంటాం. రేపటి నుంచి అయిదింటికే లేస్తాను, గంట నడుస్తాను, అరగంట ధ్యానం చేస్తాను, రాత్రి డైరీ రాస్తాను అనుకుంటాం. నాలుగు రోజులు చేస్తాం కూడా. అయిదో రోజు ముందు రాత్రి నిద్ర సరిగ్గా ఉండదు, పనిచేసే చోట ఎవరితోనో ఒక మాట పడాల్సి వస్తుంది, ఇంటికి చేరేసరికి ఒళ్లు కదలదు. ఆ అలవాట్లతో మనకి నిజంగా అవసరం పడేది ఆ రోజే. తీరా అవి మన చేతకానిదీ ఆ రోజే.

చాలా ఏళ్లు నాకూ ఇలాగే జరిగింది. ఒక సాయంత్రం బాగా గుర్తుంది. పని నుంచి వచ్చి, భుజాన బ్యాగు అలాగే ఉండగా, చెప్పులైనా విప్పకుండా కుర్చీలో కూలబడ్డాను. చేతిలో ఫోను. బొటనవేలు తెరను పైకి తోస్తూనే ఉంది, ఏం చూస్తున్నానో తెలియడం లేదు. గదిలో చీకటి పడింది, లేచి లైటు వేయలేదు. ఎప్పుడెప్పుడో చదివిన మంచి అలవాట్లన్నీ గుర్తొచ్చాయి, ఒక్కటీ చేసే ఓపిక లేదు. అప్పుడు నన్ను నేను అడిగాను: ఇంత నీరసంగా ఉన్నప్పుడు కూడా చేయగలిగింది ఏముంది? చెప్పులు విప్పగలను. లేచి కిటికీ తెరవగలను. అక్కడ నిలబడి పదిసార్లు నెమ్మదిగా ఊపిరి తీసి వదలగలను. అంతే చేశాను. మర్నాడూ అదే చేశాను.

కింద చెప్పేదంతా ఆ ప్రశ్న నుంచి వచ్చిందే. అలవాటును ఓపిక లేని రోజుకు కొలిచి కుట్టుకోవాలి. ఓపిక ఉన్న రోజున అంతకంటే ఎక్కువ చేస్తే సంతోషమే. ఈ అలవాట్ల వల్ల బాధలు రాకుండా ఆగవు, డబ్బు ఇబ్బందులు తీరవు, పోయిన మనిషి తిరిగి రారు. కానీ దెబ్బ తగిలినప్పుడు కాళ్ల కింద కాస్త గట్టి నేల ఉంటుంది. అది తక్కువ సంగతి కాదు.

మొదటి అడుగు: ఒక వారం ఏమీ మార్చకండి, రాసుకోండి

తొందరపడి అలవాటు మొదలుపెట్టొద్దు. ముందు ఏడు రోజులు గమనించండి. జేబులో మడత పెట్టిన కాగితమైనా సరే, ఫోన్లో నోట్స్ అయినా సరే. రోజుకి రెండు మూడు సార్లు, ఒక్కో లైను. టైము, ఎలా ఉంది, దానికి ముందు ఏం జరిగింది. అంతకు మించి వద్దు. నా కాగితం మీద మొదటి వారం ఉన్నవి ఇలాంటివి:

“పొద్దున 8. గుబులు. లేవగానే మంచం మీదే ఆఫీసు మెసేజీలు చూశాను.”
“సాయంత్రం 4. చిరాకు. భోజనం ఆలస్యమైంది.”
“రాత్రి 11. ఉక్రోషం. మీటింగులో నా మాట మధ్యలో ఆపేశారు.”
“సాయంత్రం 4. మళ్లీ చిరాకు. మళ్లీ భోజనం ఆలస్యమే.”

వారం తిరిగేసరికి ఒకటి తేలింది. నా స్వభావమే అంతేమో అనుకున్న చిరాకులో సగం ఆకలి. మీ కాగితం మీద ఇంకేదో తేలుతుంది. కొందరికి ఆదివారం సాయంత్రాలు, కొందరికి ఒక మనిషితో మాట్లాడిన ప్రతిసారీ, కొందరికి నిద్ర తగ్గిన మర్నాడు. ఎక్కడ చిల్లు ఉందో తెలియకుండా అతుకు వేయలేం, అందుకే ఈ వారం.

రాసేటప్పుడు ఒక్క నియమం పెట్టుకోండి. “మూడ్ బాగాలేదు”, “ఏదోలా ఉంది”, “టెన్షన్” అని వదిలేయకండి. టెన్షన్ అనే మాటని మనం అన్నిటికీ వాడేస్తున్నాం, దాంతో లోపల ఏముందో మనకే కనిపించడం మానేసింది. మన భాషలో ఎన్ని మాటలున్నాయో చూడండి. ఏదో జరగబోతోందని గుండె కొట్టుకుంటే గుబులు. దగ్గర లేని మనిషి కోసమైతే బెంగ. తప్పు ఎదుటివాళ్లదని తెలిసినా ఏమీ చేయలేక లోపల మండిపోతే ఉక్రోషం. నలుగురిలో మనల్ని లెక్కచేయకపోతే చిన్నబోతాం. కావాల్సినవాళ్లు పట్టించుకోకపోతే అలుగుతాం. మాట తగిలితే నొచ్చుకుంటాం. కారణం తెలియకుండా రోజుల తరబడి మనసు మబ్బుపట్టి ఉంటే దిగులు. ఇవన్నీ వేరువేరు, వీటికి మందులూ వేరు. బెంగ అని తెలిస్తే ఫోన్ చేస్తాం. ఉక్రోషం అని తెలిస్తే ఆ మాట మర్నాడు ఎలా ఎత్తాలో ఆలోచిస్తాం. టెన్షన్ అనుకుంటే మాత్రం తల పట్టుకుని కూర్చుంటాం.

పేరు పెట్టడంలో కేవలం స్పష్టతే కాదు, ఇంకో ఉపయోగం కూడా ఉంది. లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మాథ్యూ లీబర్‌మన్ బృందం 2007లో ఒక ప్రయోగం ప్రచురించింది. మెదడు స్కానరులో పడుకున్నవాళ్లకి కోపం, భయం కనిపించే ముఖాలు చూపించారు. ఆ భావానికి తగిన మాటను ఎంచుకోమన్నప్పుడు, భయానికి సంబంధించిన అమిగ్డాలా అనే భాగంలో చురుకుదనం తగ్గింది. ఆలోచనకు, నిగ్రహానికి సంబంధించిన ముందు భాగంలో పెరిగింది. పిల్లలు ఏడుస్తుంటే “భయమేసిందా నాన్నా?” అని అడగ్గానే ఏడుపు కాస్త తగ్గడం మనం చూసేదే. పెద్దయ్యాక మనల్ని ఎవరూ అలా అడగరు. మనమే అడుక్కోవాలి.

రెండో అడుగు: ఒక్కటే ఎంచుకోండి, దాన్ని దేనికో ఒకదానికి ముడివేయండి

వారం అయ్యాక కాగితం ముందు పెట్టుకుని చూడండి. ఎక్కువసార్లు ఎక్కడ పట్టు తప్పుతోందో అక్కడికి ఒక్క అలవాటు. రెండు కాదు. రెండు మొదలుపెట్టాలని మనసు లాగుతుంది, ఆగండి.

“రోజూ కాసేపు ప్రశాంతంగా కూర్చుంటాను” అనుకుంటే అది జరగదు. ఎప్పుడు, ఎక్కడ, దేని తర్వాత అన్నది అందులో లేదు. పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1990ల నుంచి దీన్నే పరిశోధించారు. “ఫలానాది జరిగితే, ఫలానాది చేస్తాను” అని ముందే అనుకున్నవాళ్లు, ఊరికే చేద్దాం అనుకున్నవాళ్లకంటే ఎక్కువగా చేస్తారు. కాబట్టి మీ వాక్యం ఇలా ఉండాలి: “పళ్లు తోముకుని బ్రష్ స్టాండులో పెట్టగానే, కిటికీ తెరిచి అక్కడ రెండు నిమిషాలు నిలబడతాను.” “సాయంత్రం చెప్పులు విప్పగానే, అయిదుసార్లు నెమ్మదిగా ఊపిరి వదులుతాను.” ముడివేసేది రోజూ తప్పకుండా జరిగే పని అయి ఉండాలి. “భోజనం తర్వాత” అంటే కాస్త వదులుగా ఉంటుంది. “కంచం సింకులో పెట్టగానే” అంటే గట్టి ముడి.

ఇక కొలత. మీరు అనుకున్నదాన్ని జ్వరం వచ్చి తగ్గిన మర్నాడు చేయగలరా అని అడగండి. లేదనిపిస్తే సగం చేయండి. ఇంకా లేదనిపిస్తే మళ్లీ సగం. పది నిమిషాల నడక రెండు నిమిషాలైనా పరవాలేదు, వీధి చివరిదాకా వెళ్లి తిరిగొచ్చినా సరే. ఇంత చిన్నదానివల్ల ఏమవుతుంది అనిపిస్తుంది. మొదటి నెలలో దానివల్ల అయ్యేది ఒక్కటే, అది అలవాటవుతుంది. లాభం తర్వాత వస్తుంది.

ఎన్నాళ్లు పడుతుంది? 21 రోజులు అని అందరూ చెబుతారు. ఆ మాటకి మూలం మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన పరిశీలన. ఆపరేషన్ తర్వాత కొత్త ముఖానికి రోగులు అలవాటుపడటానికి కనీసం 21 రోజులు పడుతోందని ఆయన గమనించారు. రోజువారీ అలవాట్లతో దానికి సంబంధం లేదు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని గమనించి 2009లో వెల్లడించిన పరిశోధనలో, ఒక పని ఆలోచించకుండా చేసే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే, ఇంకొందరికి 254 రోజుల దాకా అని లెక్క తేలింది. కాబట్టి మూడు వారాల తర్వాత కూడా బలవంతంగా చేస్తున్నట్టు ఉంటే మీలో లోపమేమీ లేదు.

మూడో అడుగు: ఏది ఎంచుకోవాలి?

ఇవి నేను వాడి చూసినవి, పరిశోధనల్లో కొంత బలం ఉన్నవి. అన్నీ చేయడానికి కాదు, మీ కాగితంతో సరిచూసుకుని ఒకటి తీసుకోవడానికి.

*పొద్దున గుబులుగా ఉంటే, వెలుతురు.* లేచిన గంటలోపు కాసేపు ఆరుబయట ఉండండి. మన మెదడులో రోజు మొత్తానికి ఒక గడియారం ఉంటుంది. కంటిలో పడే వెలుతురుతోనే అది సరిచేసుకుంటుంది. (ఒంట్లోని ఈ గడియారం ఎలా పనిచేస్తుందో తేల్చినందుకే 2017లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి ఇచ్చారు.) ఇంట్లో లైట్ల వెలుతురు మామూలుగా కొన్ని వందల లక్స్ (వెలుతురును కొలిచే యూనిట్) మాత్రమే. మబ్బు పట్టిన రోజున కూడా బయట అది వేలల్లో ఉంటుంది. పొద్దున వెలుతురు తగిలితే రాత్రి నిద్ర వేళకి వస్తుంది, నిద్ర వేళకి వస్తే మర్నాడు మనసు నిలకడగా ఉంటుంది. రోజూ ఒకే వేళకి లేవడం కూడా దీనికి జతే. పడుకునే వేళ మన చేతిలో ఉండదు, లేచే వేళ కొంతవరకైనా ఉంటుంది. బాగా కుదరనివాళ్లు తలుపు తీసి గుమ్మంలో నిలబడితే చాలు. ఫోన్ మాత్రం లోపలే వదిలేయండి.

*ఉన్నట్టుండి కోపం, కంగారు వచ్చేస్తే, ఊపిరి.* దీనికి డబ్బు అక్కర్లేదు, చోటు అక్కర్లేదు, ఎవరికీ తెలియదు కూడా. ఊపిరి తీసుకున్నప్పుడు గుండె కాస్త వేగం అందుకుంటుంది, వదిలినప్పుడు నెమ్మదిస్తుంది. మణికట్టు మీద వేలు పెట్టి నాడి చూసుకుంటూ దీర్ఘంగా శ్వాసిస్తే చాలామందికి ఇది స్వయంగా తెలుస్తుంది. అందుకే వదిలే ఊపిరి పొడుగ్గా ఉండాలి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2023లో ప్రచురించిన అధ్యయనంలో రోజుకి 5 నిమిషాల చొప్పున నెల రోజులు కొన్ని పద్ధతుల్ని పోల్చారు. మనసు హాయిగా ఉండటంలో ఎక్కువ మెరుగుదల కనిపించింది ఈ పద్ధతిలో: ముక్కుతో ఊపిరి తీసుకోండి, దాని మీదే ఇంకో చిన్న ఊపిరి తీసుకుని ఛాతీ నింపండి, తర్వాత నోటితో నెమ్మదిగా, మొత్తం ఖాళీ అయ్యేదాకా వదలండి. బాగా ఏడ్చిన పిల్లలు నిద్రలోకి జారుకునే ముందు ఇలాగే రెండు ఎగశ్వాసలు తీసి పెద్ద నిట్టూర్పు విడుస్తారు. ఒంటికి ముందే తెలిసిన విద్య ఇది, మనం గుర్తుచేస్తున్నాం అంతే. మొదట్లో 5 నిమిషాలు వద్దు, అయిదుసార్లు చాలు. తల తిరిగినట్టు అనిపిస్తే ఆపేసి మామూలుగా శ్వాసించండి.

ఒక జాగ్రత్త. కంగారు వచ్చాకే మొదలుపెడితే ఇది సరిగ్గా పనిచేయదు. మామూలు సమయంలో, చెప్పులు విప్పినప్పుడో, లిఫ్ట్ కోసం నిలబడినప్పుడో రోజూ చేసి ఉంటేనే అవసరానికి అందుతుంది.

*ఏ పనీ చేయాలనిపించకపోతే, మూడ్ కోసం ఎదురుచూడకుండా ఒక చిన్న పని.* నాకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది ఇదే, అందుకే కాస్త వివరంగా చెబుతాను. దిగులుగా ఉన్నప్పుడు మనం అనుకునేది: మనసు బాగయ్యాక లేస్తాను, మాట్లాడతాను, ఇల్లు సర్దుతాను. అలా అనుకుని పడుకుంటే పనులు పేరుకుంటాయి, మనుషులు దూరమవుతారు, సంతోషం కలిగించేవన్నీ ఒక్కొక్కటిగా ఆగిపోతాయి, దాంతో దిగులు ఇంకా పెరుగుతుంది. ఈ వలయాన్ని ఎక్కడో ఒకచోట తెంచాలి. మనసుని నేరుగా తెంచమంటే అది మాట వినదు. చేతులు వింటాయి.

డిప్రెషన్‌కి వాడే ఒక చికిత్స ఈ ఆలోచన మీదే నిలబడి ఉంది. పీటర్ లెవిన్సన్ 1970లలో దీనికి పునాది వేశారు. 1996లో నీల్ జేకబ్సన్ బృందం ప్రచురించిన అధ్యయనంలో, రోగుల్ని పనుల్లోకి తిరిగి తీసుకురావడం ఒక్కటే, వాళ్ల ఆలోచనల్ని కూడా మార్చే పూర్తిస్థాయి చికిత్సతో సమానంగా పనిచేసింది.

ఇంట్లో దీన్ని ఎలా చేయాలి? బాగున్న రోజున కూర్చుని ఒక జాబితా రాసిపెట్టుకోండి. ఒక్కోటీ అయిదు నిమిషాలు మించకూడదు, మొదలూ చివరా కంటికి కనిపించాలి. నా జాబితా గోడ మీద అతికించి ఉంది. టేబుల్ మీద ఉన్న కప్పులు కడగడం. ఆరిన బట్టల్లో ఒక్క తువ్వాలు మడతపెట్టడం. మొక్కకి నీళ్లు. ముఖం కడుక్కుని బట్టలు మార్చుకోవడం. వీధిలోకి వెళ్లి వెనక్కి రావడం. “ఇల్లు సర్దడం” అని రాయొద్దు, దానికి చివర ఉండదు. బాగోలేని రోజున ఆలోచించే పని లేదు, గోడ వైపు చూసి కంటికి మొదట కనబడింది చేయడమే. ఒక రోజు నేను ఒక్క తువ్వాలు మడతపెట్టి ఆగిపోయాను. మిగతావి కుర్చీ మీద గుట్టగా అలాగే ఉన్నాయి. ఆ ఒక్కటి మాత్రం నాలుగు అంచులూ కలిసి, చక్కగా, మంచం చివర ఉంది. పడుకునేదాకా దాన్ని రెండు మూడు సార్లు చూశాను. అంతకుముందు వారం మొత్తంలో నేను పూర్తి చేసిన మొదటి పని అది.

ఈ పనుల్లో నడక కూడా ఉంటే మంచిది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్క, పెద్దవాళ్లకి వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ. అంత కుదరకపోయినా ఏమీ లేనిదానికంటే కొంచెం మేలని ఆ సంస్థే చెప్పింది.

*ఒంటరిగా అనిపిస్తే, రోజుకి ఒక్క పలకరింపు.* ఒక మెసేజ్, ఒక చిన్న ఫోన్ కాల్. చాలా రోజులైంది, ఇప్పుడు పలకరిస్తే ఏమనుకుంటారో అని మనం ఆగిపోతాం. 2022లో పెగీ లియు అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు 5,900 మందికి పైగా పాల్గొన్న 13 ప్రయోగాల ఫలితాలు ప్రచురించారు. ఊరికే పలకరించినప్పుడు అవతలివాళ్లు ఎంత సంతోషిస్తారో మనం తక్కువగా అంచనా వేస్తామని అందులో తేలింది. అనుకోని పలకరింపు అయితే సంతోషం ఇంకా ఎక్కువ. మాటలు తడుముకుంటే ఇది వాడుకోండి: “ఇందాక నువ్వు గుర్తొచ్చావు. ఊరికే పలకరిద్దామని. తీరిక ఉన్నప్పుడే జవాబివ్వు.” చివరి మాట ముఖ్యం. దానివల్ల వాళ్ల మీద భారం ఉండదు, జవాబు రాలేదని మనకీ బాధ ఉండదు.

వారానికి ఒక్కసారైనా గొంతు వినండి. ఓసారి మా అక్కకి ఫోన్ చేసి “అంతా బాగానే ఉంది” అన్నాను. “గొంతు అదోలా ఉందేం?” అంది. అరగంట మాట్లాడుకున్నాం. మెసేజ్ పెట్టి ఉంటే “బాగానే ఉంది” అన్నది అక్కడితో ఆగిపోయేది.

*రాత్రి ఆలోచనలు ఆగకపోతే, కాగితం.* పక్క మీదకి చేరాక తరుముకొచ్చేవి సాధారణంగా రెండు రకాలు. మొదటిది, రేపు చేయాల్సిన పనులు. బేలర్ విశ్వవిద్యాలయంలో 57 మందితో చేసి 2018లో ప్రచురించిన ప్రయోగంలో, పడుకునే ముందు 5 నిమిషాలు రేపటి పనుల జాబితా రాసినవాళ్లు, అయిపోయిన పనులు రాసినవాళ్లకంటే సగటున 9 నిమిషాలు ముందే నిద్రపోయారు. ఎంత వివరంగా రాస్తే అంత త్వరగా. రెండో రకం, జవాబు లేని చింతలు. వీటికి పగలే ఒక వేళ కేటాయించండి. థామస్ బోర్కోవెక్, ఆయన సహచరులు 1983లో పరీక్షించిన పద్ధతి ఇది. రోజూ ఒకే సమయం, ఒకే చోటు, ఒక అరగంట. మిగతా వేళల్లో చింత వస్తే “సాయంత్రం ఆరింటికి చూద్దాం” అని రాసి పక్కన పెట్టాలి. ఆరింటికి నిజంగానే కూర్చుని చూడాలి. ఆరింటికి కూర్చోవడం తప్పితే పక్కన పెట్టడం పనిచేయదు. మనం మాట నిలబెట్టుకుంటామని మనసుకి నమ్మకం కుదరాలి. అరగంట ఎక్కువనిపిస్తే పదిహేను నిమిషాలతో మొదలుపెట్టండి, మంచం మీద మాత్రం వద్దు.

మధ్యాహ్నం దాటాక కాఫీ, టీ తగ్గించండి. కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు అయిదు గంటలు పడుతుంది.

*కృతజ్ఞత డైరీ గురించి.* బాగా ప్రచారంలో ఉంది కాబట్టి చెప్పాలి. కొందరికి మేలు చేస్తుంది. కానీ మనసు విరిగిన రోజున “నాకు ఇన్ని ఉన్నాయి, అయినా నేను బాధపడుతున్నాను” అనే అపరాధ భావంగా అది మారడం నేను చూశాను. రాయాలనుకుంటే ఇవాళ జరిగిన ఒక్క చిన్న సంగతి, వివరంగా రాయండి. “మంచి స్నేహితులున్నారు” అని వద్దు. “వర్షంలో నిలబడితే తన గొడుగు ఇటు జరిపింది” అని రాయండి. ఏమీ కనిపించని రోజు ఖాళీగా వదిలేయండి.

నాలుగో అడుగు: మంచిదాన్ని చేతికి దగ్గరగా, చెడ్డదాన్ని దూరంగా

మనోబలం మీద ఆధారపడకండి, అలిసిపోయిన రోజున అది ముందే చేతులెత్తేస్తుంది. వస్తువుల చోటు మార్చండి. ఫోన్ చార్జర్ మంచం పక్క నుంచి తీసి గదికి అవతలి గోడ దగ్గర పెట్టండి, అలారం కోసం లేవాల్సి వస్తుంది కూడా. కాగితం, పెన్ను దిండు పక్కకి వస్తాయి. నడక బూట్లు గుమ్మంలో ఎదురుగా ఉండాలి. మనసు పాడుచేసే యాప్ ఉంటే మొదటి తెర మీద నుంచి తీసేయండి, నోటిఫికేషన్లు ఆపేయండి. ఇది ఒక్క పూట పని, ఇవాళే చేసేయొచ్చు.

అయిదో అడుగు: తప్పిన రోజు

తప్పుతుంది. ఇందాక చెప్పిన లండన్ పరిశోధనలోనే తేలిన ఇంకో సంగతి, ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు ఏర్పడటానికి చెప్పుకోదగ్గ నష్టం లేదు. నష్టమంతా తప్పిన తర్వాత మనల్ని మనం అనుకునే మాటల్లో ఉంది. “నావల్ల ఏదీ కాదు” అనుకున్న క్షణాన అలవాటు ఆగిపోతుంది. అదే పని మీ స్నేహితుడు తప్పితే ఏమంటారు? “పోన్లే, నిన్న అలిసిపోయావు, ఇవాళ చూద్దాం” అంటారు. ఆ మాటే, అదే గొంతుతో, మీకు మీరు చెప్పుకోండి. వరసగా మూడు రోజులు తప్పితే మాత్రం అలవాటు మీకు పెద్దదై ఉంటుంది, లేదా ముడి వదులై ఉంటుంది. సగానికి తగ్గించండి, లేదంటే ఇంకో పనికి ముడివేయండి.

క్యాలెండర్ మీద టిక్ పెట్టుకోవడం కొందరికి నచ్చుతుంది. తెగిన వరస చూసి కుంగిపోయే మనస్తత్వమైతే పెట్టుకోవద్దు.

ఆరో అడుగు: నెలకోసారి వెనక్కి చూసుకోవడం

నెల తర్వాత మళ్లీ ఒక వారం, మొదటి వారం లాగే రాసుకుని రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టండి. “సంతోషంగా ఉన్నానా?” అని అడగొద్దు, దానికి జవాబు ఆ పూటను బట్టి మారిపోతుంది. కోపం వచ్చాక తేరుకోవడానికి ఎంతసేపు పడుతోంది? నిద్ర మధ్యలో ఎన్నిసార్లు లేస్తున్నారు? ఎవరితోనైనా మాట్లాడారా? తేడా ఇలాంటి చోట్ల కనిపిస్తుంది. నా రెండో కాగితంలోనూ సాయంత్రం 4 గంటల చిరాకు ఉంది, కానీ ఒక్క చోటే. మొదటి అలవాటు ఆలోచించకుండా జరిగిపోతుంటేనే రెండోది కలపండి. తేడా ఏమీ లేకపోతే అది మీకు సరిపడలేదు, మార్చేయండి.

ఏడో అడుగు: ఇవి సరిపోనప్పుడు

రెండు వారాలకి పైగా, దాదాపు రోజూ, రోజులో ఎక్కువసేపు దిగులుగా ఉంటే, లేదా ఇంతకుముందు ఇష్టపడినవి ఏవీ రుచించకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిన సమయం వచ్చిందని అర్థం. నిద్ర, ఆకలి బాగా మారిపోవడం, పనిచేసుకోలేకపోవడం, ఊరికే గుండె దడ, ఊపిరాడనట్టు ఉండటం, తాగుడు పెరగడం కూడా ఆ గుర్తులే. కాన్పు తర్వాత తల్లికి ఇలా ఉంటే “అదే సర్దుకుంటుంది” అని వదిలేయొద్దు. థైరాయిడ్ తేడా, రక్తహీనత, బి12 లోపం వల్ల కూడా మనసు ఇలా నీరసపడుతుంది. రక్తపరీక్షతో తేలిపోయే వాటికి సంవత్సరాల తరబడి మనల్ని మనం తిట్టుకుంటూ కూర్చోవడం అన్యాయం. ఇప్పటికే మందులు వాడుతున్నవాళ్లు, అలవాట్ల వల్ల బాగుందని సొంతంగా ఆపేయకూడదు, డాక్టరుతో చెప్పి నెమ్మదిగానే తగ్గించాలి.

చనిపోవాలనిపించినా, నాకు నేను హాని చేసుకుంటానేమో అనిపించినా వేచి చూడొద్దు. ఆ క్షణంలోనే ఒక మనిషికి చెప్పండి, ఆ మాటే వాడి చెప్పండి. ఒంటరిగా ఉండకండి. మీ ప్రాంతంలోని ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్‌కి గానీ ఎమర్జెన్సీకి గానీ ఫోన్ చేయండి. ఆ నంబరు ఇవాళ, బాగున్నప్పుడే, వెతికి ఫోన్లో సేవ్ చేసుకోండి.

డాక్టరు ముందు కూర్చున్నప్పుడు మాటలు రావు. “ఎలా ఉంటోంది?” అని అడిగితే “బాగానే ఉంటుందండి, అప్పుడప్పుడూ...” అని ఆగిపోతాం. మొదటి వారం రాసుకున్న కాగితం వెంట తీసుకెళ్లి బల్ల మీద పెట్టండి. టైము, మాట, ముందు ఏం జరిగింది, అన్నీ అందులో ఉన్నాయి.